వైజాగ్ ఉక్కపోతలో షుగర్ సెన్సర్ 14 రోజులూ నిలవాలంటే

ప్రశ్న: నాకు టైప్ 1 డయాబెటిస్. జబ్బకు ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్ పెట్టుకుంటాను. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో పరుగు, ఆదివారాలు రుషికొండలో ఈత. 14 రోజులు ఉండాల్సిన సెన్సర్ నాకు ఐదారు రోజులకే అంచులు లేచి ఊడిపోతోంది. పైన ఎంత ప్లాస్టర్ వేసినా అంతే. ఈ ఏడాది సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా చేద్దామనుకుంటున్నాను. పరుగు, ఈత మానకుండా సెన్సర్ నిలిచే దారి ఏదైనా ఉందా?

సమాధానం:

ఉంది. పరుగూ మానక్కర్లేదు, ఈతా మానక్కర్లేదు. నేను వైజాగ్‌లోనే డయాబెటిస్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. సెన్సర్లు పెట్టడం, ఊడిపోయినవి పట్టుకుని వచ్చినవాళ్లతో మాట్లాడటం నా రోజువారీ పని. వాళ్లలో మీలాంటి రన్నర్లు ఉంటారు, స్టీల్ ప్లాంట్‌లో వేడి దగ్గర ఫుల్ హ్యాండ్స్ వేసుకుని పనిచేసేవాళ్లు ఉంటారు, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజాము నుంచీ తడిలో ఉండేవాళ్లూ ఉంటారు. వాళ్లను చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. సెన్సర్ నిలవడం, ఊడటం చాలావరకు మొదటి రోజే తేలిపోతుంది. ఎక్కడ పెట్టారు, ఎలాంటి చర్మం మీద పెట్టారు, పెట్టాక దానికి ఎంత టైమ్ ఇచ్చారు, ఈ మూడే ముఖ్యం. ప్లాస్టర్ ఆ తర్వాతి మాట. మీరు అన్నీ ప్లాస్టర్ మీదే పెట్టుకున్నట్టున్నారు.

సెన్సర్ దాదాపు 35 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాని మధ్యలోంచి వెంట్రుక లాంటి సన్నని తీగ 5 మిల్లీమీటర్ల మేర చర్మం కిందికి దిగి, కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజ్‌ను కొలుస్తుంది. మిగతా బరువంతా మోసేది కింద ఉన్న జిగురు పట్టీ. ఆ జిగురు ఒత్తిడితో పట్టే రకం. పెట్టగానే పూర్తిగా పట్టదు. ఒంటి వేడికి మెత్తబడి, చర్మం మీద ఉండే సన్న గీతల్లోకి నెమ్మదిగా దిగుతుంది. దీనికి గంటలు పడుతుంది, ఒక రోజు దాకా పట్టు పెరుగుతూనే ఉంటుంది. ఆలోపు చెమటో నూనో పౌడరో అడ్డం వస్తే పట్టు అక్కడే ఆగిపోతుంది. జిడ్డు నుదుటి మీద స్టిక్కర్ బొట్టు ఎంత గట్టిగా నొక్కినా నిలవనట్టే ఇదీ. ఐదో రోజు ఊడిన సెన్సర్‌కి కారణం ఐదో రోజు పరుగులో దొరకదు, మొదటి సాయంత్రం ఏం జరిగిందో గుర్తు చేసుకోండి.

ఎక్కడ పెట్టాలి? ఈ ఒక్క విషయం మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే చాలామంది అద్దంలో చూసుకోకుండా చేతికి అందిన చోట పెట్టేసుకుంటారు. కంపెనీ చెప్పేది జబ్బ వెనక భాగం. కానీ జబ్బ వెనక అంటే చాలా స్థలం ఉంది. లోపలి వైపుకి జరిగితే పరుగెత్తేటప్పుడు చెయ్యి ఊగిన ప్రతిసారీ పక్కటెముకలకు రాసుకుంటుంది. మరీ బయటి వైపుకి వస్తే గుమ్మాలు, ఆటో కడ్డీలు, బస్సులో పక్కవాళ్ల భుజాలు అన్నీ దానికే తగులుతాయి. మరీ పైకి పెడితే భుజం కండ కదలికకు చర్మం లాగుతుంది, టీషర్టు చెయ్యి కుట్టు సరిగ్గా అంచు మీదే పడుతుంది. మోచేతికి దగ్గరైతే మడిచినప్పుడల్లా చర్మం సాగి ముడుచుకుంటుంది. భుజానికీ మోచేతికీ మధ్య, వెనక వైపు, కాస్త బయటికి, చిటికెడు కొవ్వు దొరికే మెత్తటి చోటు మీకు కావాలి.

పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. రన్నింగ్ టీషర్టు వేసుకుని, అనుకున్న చోట పెన్నుతో చుక్క పెట్టి, నిలబడిన చోటే పరుగెత్తినట్టు చేతులు ఊపండి. ఈత కొట్టినట్టు చెయ్యి తల మీదుగా తిప్పండి. గోడకు ఆనుకుని కూర్చోండి. మీరు పడుకునే పక్కకు ఒకసారి ఒరగండి. ఆ చుక్కకు ఏదైనా రాసుకుంటే అరంగుళం జరపండి. మచ్చలు, పుట్టుమచ్చలు, పచ్చబొట్టు ఉన్న చోట వద్దు. జబ్బకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే ఆ చోటికి కనీసం 2.5 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. ఎడమ పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే కుడి చేతికి పెట్టండి. సెన్సర్ మీద బరువు పడితే అక్కడ ద్రవం కదలిక తగ్గి, షుగర్ మామూలుగానే ఉన్నా అర్ధరాత్రి ‘లో’ అని చూపిస్తుంది. ఆ అలారంకి లేచి గ్లూకోజ్ తాగేసి, తెల్లారేసరికి 280తో వచ్చేవాళ్లను చూస్తుంటాం. పొట్టకో తొడకో పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతారు. లిబ్రే విషయంలో కంపెనీ జబ్బకు మాత్రమే చెప్పింది, వేరేచోట అంకెలు సరిగా ఉంటాయన్న భరోసా లేదు.

ఆడవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. జాకెట్టు చేతి అంచు సరిగ్గా సెన్సర్ మధ్యలో పడితే ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా అంచు లేస్తుంది. చేతి పొడవు చూసుకుని, సెన్సర్ పూర్తిగా లోపల గానీ పూర్తిగా బయట గానీ ఉండేలా పెట్టుకోండి. పెళ్లిళ్ల సీజన్‌లో బిగుతు జాకెట్లు విప్పేటప్పుడు ఊడినవే నా దగ్గరికి ఎక్కువ వస్తాయి.

ఇక చర్మం సంగతి. మన ఇళ్లలో సెన్సర్‌కి మూడు శత్రువులు: కొబ్బరి నూనె, పౌడర్, క్రీము సబ్బు. ఆదివారం తలంటుకు రాసిన నూనె జబ్బల దాకా దిగుతుంది, సబ్బుతో ఒకసారి కడిగితే పూర్తిగా పోదు. స్నానం కాగానే మెడకూ చేతులకూ పౌడర్ కొట్టుకోవడం చాలామందికి తెలియకుండానే జరిగే పని. మెత్తదనం కోసం క్రీము కలిపిన సబ్బులు చర్మం మీద ఒక పొర వదులుతాయి. సన్‌స్క్రీన్, దోమల క్రీము కూడా ఇదే జాబితాలోకి వస్తాయి. సెన్సర్ పెట్టే రోజు వాసన లేని, క్రీము లేని మామూలు సబ్బుతో ఆ చోటును కడిగి, బాగా తుడిచి, ఆ తర్వాత స్పిరిట్ స్వాబ్‌తో అరచేతి వెడల్పున రుద్దండి. సెన్సర్ అంత మేరకే తుడిస్తే చాలదు, తర్వాత ప్లాస్టర్ పట్టేదీ ఆ చుట్టూనే కదా. తుడిచాక పూర్తిగా ఆరనివ్వండి. వైజాగ్ గాలిలో తేమకి అది ఆరడానికి మీరు అనుకునే దానికన్నా ఎక్కువసేపు పడుతుంది. నోటితో ఊదొద్దు, ఫ్యాన్ కింద కూర్చోండి. తడి ఉండగా పెడితే జిగురుకీ చర్మానికీ మధ్య స్పిరిట్ పొర మిగిలిపోతుంది, లోపల మంట కూడా పుడుతుంది.

వెంట్రుకలు ఎక్కువుంటే ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించండి. అదే రోజు బ్లేడుతో గీయకండి, కంటికి కనిపించని గీతలు పడి జిగురు కింద దురద మొదలవుతుంది.

చెమట బాగా పట్టేవాళ్లకు జిగురు పెంచే మందులు ఉన్నాయి. బయట దేశాల నుంచి వచ్చే స్కిన్ టాక్ అనే తుడుపు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. మన మెడికల్ షాపుల్లో దొరికే టించర్ బెంజోయిన్ కూడా పాతకాలం నుంచి ప్లాస్టర్ గట్టిగా పట్టడానికి వాడుతున్నదే. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో అడిగితే ఇస్తారు. ఏది వాడినా రింగులా రాయండి, తీగ దిగే మధ్య భాగాన్ని ఖాళీగా వదిలేయండి. రాశాక అది జిగటగా మారేదాకా ఆగి అప్పుడు సెన్సర్ పెట్టాలి. బెంజోయిన్ కొందరికి పడదు, కాబట్టి ముందు రోజు ముంజేతి మీద చిన్న చుక్క పెట్టి చూసుకోండి. ఫెవిక్విక్ వేయొచ్చా మేడమ్ అని కూడా అడుగుతుంటారు, నవ్వుతూ కాదు, సీరియస్‌గానే. వద్దు. అది గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, చర్మంతో పాటు సాగదు, తీసేటప్పుడు తోలు లేస్తుంది.

అప్లికేటర్, అంటే సెన్సర్‌ను చర్మానికి పెట్టే పరికరం గురించి కూడా చెప్పాలి. దాన్ని ఫ్రిజ్‌లో దాచేవాళ్లు గది వేడికి వచ్చాకే వాడండి, చల్లటి జిగురు బిరుసుగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టనివాళ్లు బాక్స్ మీద ముద్రించిన ఉష్ణోగ్రత పరిమితి ఒకసారి చూడండి. మే నెలలో ఏసీ లేని మన గదులు దాన్ని తేలిగ్గా దాటేస్తాయి. బీచ్ రోడ్డులో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డ్ మీద స్పేర్ సెన్సర్ పెట్టడం అంటే డబ్బు పారేసుకోవడమే. అప్లికేటర్‌ను చర్మానికి నిటారుగా ఆనించి నొక్కి, ఒకటి రెండు సెకన్లు ఆగి, మెల్లగా తీయండి. తర్వాత అంచులు చుట్టూ వేలితో నిమిషం పాటు అదమండి. మధ్యలో కాదు, అంచుల మీదే.

మీ విషయంలో అసలు తేడా తెచ్చేది టైమింగ్ అని నా అనుమానం. పొద్దున్నే పరుగెత్తేవాళ్లు చాలామంది పరుగయ్యాక స్నానం చేసి, ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే సెన్సర్ పెట్టేస్తారు. స్నానం అయిన అరగంట దాకా చెమట పడుతూనే ఉంటుంది, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా మన ఊళ్లో. ఆ చెమట జిగురు కిందే చిక్కుకుపోతుంది. దీనికి బదులు మర్నాడు పరుగు లేని రోజు చూసుకోండి. సాయంత్రం స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా చల్లబడ్డాక, ఏసీ గానీ ఫ్యాన్ గానీ ఉన్న గదిలో పెట్టండి. ఆ రాత్రి, మర్నాడంతా దానికి వదిలేయండి. పరుగు ఆ తర్వాతి రోజు, సముద్రం అంతకన్నా తర్వాత. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. సెన్సర్ స్టార్ట్ చేశాక మొదటి గంట అంకెలే రావు, మొదటి 24 గంటల్లో వచ్చే అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఆ టైమ్‌లో మీరు పరుగులో ఉండి ఆ అంకెలను నమ్ముకోవడం ఎలాగూ మంచిది కాదు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

ఇప్పుడు ప్లాస్టర్. జిగురు బాగా పట్టిన సెన్సర్‌కి ప్లాస్టర్ కాపలా మాత్రమే, పట్టని సెన్సర్‌ను అది కాపాడలేదు. అంచు లేచాక వేసే ప్లాస్టర్ వల్ల పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే లేచిన అంచు కింద అప్పటికే చెమట, దుమ్ము, రాలిన చర్మం చేరి ఉంటాయి. పై చర్మం రోజూ కొంచెం కొంచెం రాలుతూనే ఉంటుంది, అందుకే ఎంత మంచి జిగురైనా రెండో వారానికి బలహీనపడుతుంది. వేస్తే మొదటి రోజే, లేదా మర్నాడే వేయండి.

ఏ ప్లాస్టర్? ఇక్కడ మన వాతావరణం లెక్కలోకి వస్తుంది. టెగాడెర్మ్ లాంటి పారదర్శక ఫిల్మ్ నీళ్లను బయట ఆపడంలో గట్టిది. ఈతకు బాగుంటుంది. కానీ లోపలి చెమటను అంత వేగంగా బయటికి పంపలేదు. ఉక్కపోతలో పది కిలోమీటర్లు పరుగెత్తితే దాని కింద నీళ్లు నిలిచి, ప్లాస్టరూ సెన్సరూ కలిసే జారతాయి. మీరు ఎంత ప్లాస్టర్ వేసినా అంతే అన్నది బహుశా ఇదే. మీకు బట్టలాంటి, గాలి ఆడే టేపు కావాలి. క్రీడాకారులు కండరాలకు వేసుకునే కైనీసియాలజీ టేపు బాగా పనిచేస్తుంది. అది నూలు గుడ్డ, చర్మంతో పాటు సాగుతుంది, చెమటను పీల్చి ఆరనిస్తుంది. హైపాఫిక్స్ లాంటి సాగే తెల్ల టేపు కూడా నయమే, ఖరీదు తక్కువ. మైక్రోపోర్ కాగితం టేపు మాత్రం మొదటి పరుగుకే వదిలేస్తుంది, దాని మీద డబ్బు పెట్టకండి.

టేపు ఎలా కత్తిరించారన్నది ఏ టేపు అన్నదానికి సమానంగా ముఖ్యం. సెన్సర్ చుట్టూ కనీసం రెండు సెంటీమీటర్లు మిగిలేలా కత్తిరించి, నాలుగు మూలలూ గుండ్రంగా చేయండి, మూల ఉంటే టీషర్టుకు తగిలి లేస్తుంది. మధ్యలో రంధ్రం చేయండి. లిబ్రే సెన్సర్ నడిమధ్య ఉండే చిన్న రంధ్రాన్ని మూసేయకూడదని కంపెనీయే చెబుతుంది. అంటించేటప్పుడు టేపును సాగదీయొద్దు. సాగదీసి వేస్తే అది మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది, రోజంతా అంచులను లాగుతూనే ఉంటుంది, చర్మం మీద పొక్కులు కూడా వస్తాయి. అంటించాక అరచేతితో రుద్దండి, ఆ వేడికే దాని జిగురు పడుతుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే సెన్సర్ సైజుకు రంధ్రంతో కత్తిరించిన ప్యాచ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వారం మధ్యలో టేపు అంచు లేస్తే మొత్తం పీకొద్దు, టేపుతో పాటు సెన్సరూ వచ్చేస్తుంది. లేచిన మేరకు చిన్న కత్తెరతో కత్తిరించి, అవసరమైతే దాని మీదే ఇంకో పొర వేయండి.

చేతికి వేసుకునే ఎలాస్టిక్ బ్యాండ్‌లు కూడా ఉన్నాయి. షటిల్, వాలీబాల్, కబడ్డీ లాంటి దెబ్బ తగిలే ఆటలకు ఆట ఉన్నంతసేపు వేసుకోవచ్చు. బిగుతు ఎక్కువైతే మళ్లీ అదే తప్పుడు ‘లో’ వస్తుంది. రాత్రి తీసేయండి.

పరుగు అయ్యాక టవల్‌తో చెయ్యి రుద్దుకోవడం మానుకోండి. అద్దండి, అంతే. తడి టీషర్టుతోనే కాళీమాత గుడి దగ్గర కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పే అలవాటుంటే పొడి టీషర్టు ఒకటి వెంట ఉంచుకోండి. నాలుగైదు కిలోమీటర్ల పరుగుకన్నా ఆ తర్వాత గంటసేపు తడిగా ఉండటమే జిగురును ఎక్కువ నానబెడుతుంది.

సముద్రం విషయానికొస్తే, లిబ్రే సెన్సర్ ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాల వరకు తట్టుకుంటుంది. స్నానానికి, మామూలు ఈతకు అది సరిపోతుంది. అరగంటకోసారి బయటికి వచ్చి చెయ్యి ఆరనివ్వండి. ఈ లెక్క నిలకడ నీటికి వేసినది. రుషికొండలో అల వచ్చి జబ్బ మీద కొట్టే దెబ్బ, దానితో పాటు వచ్చే ఇసుక వేరే లెక్క. అలలు విరిగే చోట పొర్లడం కన్నా అవి దాటాక ఈదడం సెన్సర్‌కి నయం, అయితే లైఫ్‌గార్డులు ఉన్న మేరలోనే. మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు. స్కూబాకు మాత్రం ఈ సెన్సర్ పనికిరాదు, ఆ లోతు దాని పరిమితికి చాలా అవతల ఉంటుంది. డెక్స్‌కామ్ జీ7 అనే వేరే కంపెనీ సెన్సర్ దాదాపు 2.4 మీటర్ల వరకు తట్టుకుంటుంది, అది కూడా స్కూబా లోతు కాదు.

బయటికి రాగానే మంచినీళ్లతో కడగండి. ఉప్పు ఎండి గరుకుగా మారితే ప్రతి కదలికకూ అంచును గీరుతుంది. అంచు కింద ఇసుక దూరితే గోరుతో గీకొద్దు, నీళ్లు పోయండి. ఇంకొకటి, నీళ్లలో ఉండగా సెన్సర్ నుంచి ఫోనుకు సిగ్నల్ రాదు. అలారం మోగుతుందని ధీమాగా ఉండకండి. లోపలికి దిగే ముందు షుగర్ చూసుకోండి, తక్కువగా ఉన్నా, కిందికి బాణం చూపిస్తున్నా దిగొద్దు. సెన్సర్ 8 గంటల అంకెలు దాచుకుంటుంది కాబట్టి ఒడ్డుకు వచ్చి స్కాన్ చేస్తే మధ్యలో ఏం జరిగిందో కనిపిస్తుంది.

అతుక్కుని ఉన్న సెన్సరల్లా నిజం చెబుతుందనుకోవడం ఇంకో పొరపాటు. దెబ్బ తగిలి, లేదా సగం లేచి, తీగ కొంచెం బయటికి జరిగితే సెన్సర్ ఊడకుండానే తప్పు చెప్పడం మొదలుపెడుతుంది. అన్నం తిన్నా గీత కదలకపోవడం, కారణం లేకుండా ‘లో’ చూపించడం, మధ్యమధ్యలో అంకెలు మాయమవడం దాని గుర్తులు. అప్పుడు వేలికి గుచ్చి గ్లూకోమీటర్‌తో చూసుకోండి. ఏ సెన్సరైనా రక్తం కన్నా ఐదు నుంచి పది నిమిషాలు వెనక ఉంటుంది. పరుగులో షుగర్ వేగంగా పడుతున్నప్పుడు సెన్సర్ 90 అంటుంటే అసలు 70 కిందికి దిగి ఉండొచ్చు. ఒళ్లు చెప్పేదానికీ సెన్సర్ చెప్పేదానికీ తేడా వస్తే ఒంటి మాటే వినండి, ముందు 15 గ్రాముల గ్లూకోజ్ వేసుకుని తర్వాత చూడండి. అన్నట్టు, చలికాలంలో జలుబుకి విటమిన్ సి బిళ్లలు ఎక్కువగా చప్పరిస్తే ఈ సెన్సర్ లేని షుగర్‌ను చూపిస్తుంది. టేపుతో సంబంధం లేదు గానీ గుర్తుంచుకోండి.

ఊడిపోయిన సెన్సర్‌ను మళ్లీ నొక్కి పెట్టుకోవద్దు. తీగ వంగిపోయి ఉంటుంది, శుభ్రంగానూ ఉండదు. దాని బాక్స్, సీరియల్ నంబర్ దాచుకుని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఎన్నో రోజు ఊడిందో చెప్పండి. మార్చి ఇవ్వడం వాళ్ల నిబంధనల మీద ఉంటుంది, అడగడంలో పోయేదేం లేదు.

దురద గురించి మీరు అడగలేదు, అయినా టేపులు మొదలుపెడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. చెమట నిలిచి కొంచెం ఎర్రబడటం మామూలే, తీశాక ఒకటి రెండు రోజుల్లో పోతుంది. సరిగ్గా సెన్సర్ ఆకారంలోనే ఎర్రగా పొంగి, నీటి పొక్కులు వచ్చి, ప్రతి కొత్త సెన్సర్‌కీ ముందుకన్నా ఎక్కువవుతుంటే అది అలర్జీ. 2017లో బెల్జియం వైద్యులు అప్పటి లిబ్రే సెన్సర్లలో ఐసోబోర్నైల్ యాక్రిలేట్ అనే పదార్థం వల్ల ఇలాంటి అలర్జీలు వస్తున్నాయని గుర్తించారు. అలాంటప్పుడు పైన ఇంకో టేపు వేసి భరించొద్దు, చర్మ డాక్టర్‌కి చూపించండి. తీసేటప్పుడు మాత్రం ఇన్నాళ్లూ దూరం పెట్టిన కొబ్బరి నూనెను దగ్గరికి తీసుకోవచ్చు. అంచుల చుట్టూ రాసి పది నిమిషాలు ఆగి, ఒక చేత్తో చర్మాన్ని అదిమిపట్టి, టేపును పైకి లాగకుండా చర్మానికి ఆనించి వెనక్కి మడుస్తూ తీయండి. తర్వాతి సెన్సర్ రెండో చేతికి. ఒకే చోట వరసగా పెడితే ఆ చర్మం అలిసిపోయి జిగురును పట్టదు.

గిరి ప్రదక్షిణ సంగతి విడిగా చెప్పాల్సిందే. దారి 32 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే రాత్రంతా నడక. వాన పడొచ్చు, ఉక్క తప్పదు, జనం భుజం భుజం రాసుకుంటూ నడుస్తారు, అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానం చేసేవాళ్లూ ఎక్కువే. సెన్సర్‌కి ఇంతకన్నా కష్టమైన రాత్రి ఉండదు. దానికోసం రెండు మూడు రోజుల ముందే కొత్త సెన్సర్ పెట్టుకోండి. అప్పటికి జిగురు పూర్తిగా పట్టి ఉంటుంది, అంకెలూ కుదురుకుంటాయి, ఇంకా రాలే దశకు రాదు. పెట్టిన మర్నాడే బట్ట టేపు వేయండి, ప్రదక్షిణలో దాని మీద వదులు చేతుల నూలు చొక్కా. సంచీ పట్టీ ఆ భుజం మీద వేసుకోవద్దు. సముద్ర స్నానం చేస్తే తర్వాత చెయ్యి ఆరాకే పొడి చొక్కా మార్చుకోండి.

ఇన్సులిన్ ఎంత తగ్గించాలో మీ డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి. అన్ని గంటల నడక తర్వాత షుగర్ పడటం ఆ రాత్రితో ఆగదు, మర్నాడు పడుకున్నాక కూడా పడుతుంది. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఉత్త కాళ్లతో నడవొద్దు. చెప్పులు వేసుకుంటే అప్పన్న స్వామి ఏమీ అనుకోడు, పుండు పడితే మాత్రం నెలలు పడుతుంది. గ్లూకోమీటర్, స్ట్రిప్పులు, గ్లూకోజ్ పౌడర్, ఇన్సులిన్ చల్లగా ఉండే పౌచ్ అన్నీ ఒక జిప్ కవర్‌లో వేసి నడుముకు కట్టుకోండి, వెంట వచ్చేవాళ్లకు ఎక్కడుందో చూపించండి.

ఇన్ని చేసినా హనుమంతవాక దగ్గరో కంచరపాలెం దగ్గరో సెన్సర్ ఊడిందనుకోండి. రోడ్డు పక్కన కూర్చుని స్పేర్ సెన్సర్ పెట్టుకోవద్దు. చెమట ఒంటి మీద అది పట్టదు, మొదటి గంట ఏమీ చెప్పదు, ఆ తర్వాత చెప్పేదీ ఆ రాత్రికి నమ్మకం కాదు. ఊడింది జేబులో వేసుకుని, ఇల్లు చేరేదాకా గంటకోసారి వేలికి గుచ్చి చూసుకుంటూ నడవండి. కొత్తది మర్నాడు సాయంత్రం, స్నానం చేసి, బాగా నిద్రపోయి లేచాక.